పాత ల్యాప్‌టాప్‌లో గేమ్ ఆడితే గ్రాఫిక్స్ తేడా కొడుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ పాత ల్యాప్‌టాప్ అంటే సుమారు 2010 నుంచి 2017 మధ్య వచ్చినవి, విండోస్ 7, 8 లేదా 10 నడుస్తున్నవి అనుకోండి. ఒక్క మాట ముందే చెప్పేస్తాను: ఏం చేసినా ఒకసారికి ఒక్క మార్పే చేయండి. డ్రైవర్ (గ్రాఫిక్స్ చిప్‌ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) మార్చి, సెట్టింగ్స్ తగ్గించి, రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్‌లో) వేలుపెట్టి, చివరికి గేమ్ నడిచినా దేనివల్ల నడిచిందో మీకు తెలియదు. రేపు మళ్లీ మొరాయిస్తే కథ మొదటికొస్తుంది.

నా ల్యాప్‌టాప్‌లో ఏ గ్రాఫిక్స్ ఉందో ఎక్కడ చూడాలి?

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో డీఎక్స్‌డయాగ్ (dxdiag) అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. డిస్‌ప్లే ట్యాబ్‌లో మూడు విషయాలు చూసి ఒక కాగితం మీద రాసుకోండి: గ్రాఫిక్స్ చిప్ పేరు, డ్రైవర్ తేదీ, ఫీచర్ లెవెల్స్. రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉన్న ల్యాప్‌టాప్ అయితే పక్కన రెండర్ అని ఇంకో ట్యాబ్ కనిపిస్తుంది. రెండోదాని వివరాలు అందులో ఉంటాయి.

చాలామంది పొరబడేది ఇక్కడే. డైరెక్ట్‌ఎక్స్ అంటే గేమ్స్ గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడటానికి విండోస్‌లో ఉండే సాఫ్ట్‌వేర్. మొదటి ట్యాబ్‌లో డైరెక్ట్‌ఎక్స్ వెర్షన్ 12 అని కనబడగానే "నా ల్యాప్‌టాప్ డైరెక్ట్‌ఎక్స్ 12 గేమ్స్ ఆడిస్తుంది" అనుకుంటారు. అది విండోస్‌లో ఉన్న డైరెక్ట్‌ఎక్స్ వెర్షన్ మాత్రమే. చిప్‌కి ఎంత చేతనవుతుందో చెప్పేది ఫీచర్ లెవెల్స్ వరుస. అక్కడ అన్నిటికంటే పెద్ద అంకె 10_1 (అంటే 10.1) అయితే మీ చిప్ స్థాయి అంతే.

చిప్ పేరు ఉండాల్సిన చోట మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే ఇంకేం వెతకనక్కర్లేదు. అసలు డ్రైవరే లేదు. ముందు అది వేయండి.

గేమ్ ఓపెన్ చేస్తే "డీఎక్స్11 ఫీచర్ లెవెల్ 10.0 ఈజ్ రిక్వైర్డ్ టు రన్ ది ఇంజిన్" అని వస్తోంది. ల్యాప్‌టాప్ పనికిరాదనా?

అప్పుడే ఆ మాట అనకండి. అన్‌రియల్ ఇంజిన్‌తో చేసిన గేమ్స్‌లో ఈ మెసేజ్ తరచుగా వస్తుంది. కారణం రెండిట్లో ఒకటి: చిప్‌కి నిజంగా ఆ స్థాయి లేకపోవడం, లేదా స్థాయి ఉన్నా డ్రైవర్ పాడైపోవడం. ఇందాక రాసుకున్న కాగితం తీయండి. 2011లో వచ్చిన ఇంటెల్ హెచ్‌డీ 3000 గ్రాఫిక్స్ 10.1 వరకు వెళ్తుంది. 2012 నాటి హెచ్‌డీ 4000 అయితే 11.0. ఆ తర్వాతి ఏడాది వచ్చిన హెచ్‌డీ 4400, 4600 చిప్‌లు 11.1. అంటే ఈ మూడిట్లో ఏది ఉన్నా 10.0 అడిగే గేమ్ ఈ మెసేజ్ చూపించకూడదు. చూపిస్తోందంటే తప్పు డ్రైవర్‌దే.

అదే గేమ్ 11.0 అడుగుతూ మీ దగ్గర హెచ్‌డీ 3000 ఉంటే మాత్రం దారి లేదు. డ్రైవర్ మార్చినంత మాత్రాన చిప్‌లో లేని పనితనం పుట్టుకురాదు. "ఈ ఫైల్ వేస్తే డైరెక్ట్‌ఎక్స్ 11 వచ్చేస్తుంది" అని చెప్పే వీడియోలు చూసి టైమ్ వేస్ట్ చేసుకోకండి.

ఇంకో చిక్కు ఉంది. హెచ్‌డీ 4400, 4600 తరం చిప్‌లలో డైరెక్ట్‌ఎక్స్ 12 మొదట్లో పనిచేసేది. భద్రతా లోపం బయటపడటంతో తర్వాతి డ్రైవర్లలో ఇంటెల్ దాన్ని తీసేసింది. అందుకే మొన్నటిదాకా నడిచిన గేమ్ డ్రైవర్ అప్‌డేట్ చేయగానే ఆగిపోయిందని కొందరు గోల పెడతారు. వాళ్లు చెప్పేది నిజమే. గేమ్ లాంచ్ ఆప్షన్స్‌లో డీఎక్స్11 (డైరెక్ట్‌ఎక్స్ 11) ఎంచుకునే వీలుంటే దానికి మారడమే మేలు.

డ్రైవర్ ఎక్కడి నుంచి వేసుకోవాలి? కొత్తదే మంచిదా?

ముందు ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ చూడండి. అక్కడ లేకపోతేనో, మరీ పాతదైతేనో చిప్ కంపెనీ, అంటే ఇంటెల్, ఎన్విడియా, ఏఎండీ సైట్‌కి వెళ్లండి. డ్రైవర్లన్నీ మేమే అప్‌డేట్ చేస్తాం అనే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోవద్దు. నా దగ్గరికి వచ్చిన పాడైన ల్యాప్‌టాప్‌లలో అలాంటిది ఒకటి తప్పకుండా ఇన్‌స్టాల్ అయి ఉంటుంది.

పాత చిప్‌లకు డ్రైవర్లు ఒకచోట ఆగిపోయాయి. ఎన్విడియా 400, 500 సిరీస్‌లలో ఫెర్మీ తరం చిప్ ఉన్నవాటికి 391.35 చివరిది. అది 2018లో వచ్చింది. ఇంటెల్ హెచ్‌డీ 3000కి విండోస్ 10 కోసం ఇంటెల్ విడిగా డ్రైవర్ ఇవ్వనే లేదు. విండోస్ 8 నాటి డ్రైవరే అక్కడా నెట్టుకొస్తుంది. కాబట్టి డ్రైవర్ తేదీ పాతగా ఉందని కంగారు పడకండి. మీ చిప్‌కి చివరిది ఏదో తెలుసుకుని అది ఉందా లేదా చూసుకుంటే చాలు.

ఇంటెల్ డ్రైవర్ వేస్తుంటే ఈ కంప్యూటర్‌కి ఇది ధ్రువీకరించిన డ్రైవర్ కాదు అనే అర్థంలో మెసేజ్ వచ్చి ఇన్‌స్టాల్ ఆగిపోతే, ల్యాప్‌టాప్ కంపెనీ తన సొంత డ్రైవరే వాడాలని తాళం వేసిందన్నమాట. జిప్ రూపంలో ఉన్న డ్రైవర్ దించుకుని ఒక ఫోల్డర్‌లో విప్పండి. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి అప్‌డేట్ డ్రైవర్ నొక్కండి. కంప్యూటర్‌లో నేనే వెతుక్కుంటాను అనే దారిలో వెళ్లి, లిస్ట్‌లోంచి ఎంచుకుంటాను అంటే హ్యావ్ డిస్క్ బటన్ కనిపిస్తుంది. దానికి ఆ ఫోల్డర్‌లోని ఐఎన్‌ఎఫ్ ఫైల్ చూపించండి.

పాత డ్రైవర్ ముక్కలు మిగిలిపోయి కొత్తది సరిగా కూర్చోకపోతే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత టూల్ వాడండి. అందరూ డీడీయూ అంటారు. కొత్త డ్రైవర్ ముందే దించి పెట్టుకోండి, ఇంటర్నెట్ ఆపేయండి, సేఫ్ మోడ్‌లోకి (విండోస్ అత్యవసరమైనవాటితో మాత్రమే తెరుచుకునే పద్ధతి) వెళ్లి తుడిచేయండి. ఇంటర్నెట్ ఆపమన్నది ఊరికే కాదు. రీస్టార్ట్ అయ్యేలోగా విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన డ్రైవర్ తెచ్చి పెట్టేస్తుంది, మీరు చేసిందంతా వృథా అవుతుంది.

నిన్నటిదాకా బాగా నడిచింది. ఇవాళ ఉన్నట్టుండి పాడైంది. నేనేం మార్చలేదు.

మీరు మార్చలేదు, విండోస్ మార్చి ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి డ్రైవర్ ట్యాబ్‌లో తేదీ చూడండి. రోల్ బ్యాక్ డ్రైవర్ బటన్ నొక్కే వీలుంటే నొక్కి చూడండి. నొక్కే వీలు లేకపోతే ఇందాక చెప్పిన డీడీయూ దారే.

ల్యాప్‌టాప్‌లో ఎన్విడియా కార్డ్ ఉంది కానీ గేమ్ ఇంటెల్ మీదే నడుస్తోంది. ఇంటెల్‌ని డిజేబుల్ చేసేయనా?

వద్దు. రెండు చిప్‌లు ఉన్న ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి స్క్రీన్ వైరు ఇంటెల్ చిప్‌కే కలిసి ఉంటుంది. ఆప్టిమస్ అనే ఈ పద్ధతిని ఎన్విడియా 2010లో తెచ్చింది. ఎన్విడియా చిప్ బొమ్మ గీస్తుంది, దాన్ని ఇంటెల్ చిప్ మెమరీలోకి కాపీ చేస్తుంది, ఇంటెల్ చిప్ స్క్రీన్‌కి పంపుతుంది. మధ్యవర్తిని తీసేస్తే బొమ్మ స్క్రీన్ దాకా రాదు.

ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ 3డీ సెట్టింగ్స్ తెరిచి, ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో గేమ్ ఫైల్‌ని కలిపి, హై పెర్ఫార్మెన్స్ ప్రాసెసర్ ఎంచుకోండి. విండోస్ 10లో 2018 తర్వాతి వెర్షన్లలో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే కింద గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో కూడా ఈ ఎంపిక ఉంటుంది. రెండుచోట్లా ఒకేలా పెట్టండి. గేమ్ లాంచర్‌ని కాకుండా అసలు గేమ్ ఎగ్జిక్యూటబుల్ ఫైల్‌ని కలపాలి. సగం మంది తప్పు చేసేది ఇక్కడే.

పనిచేస్తోందో లేదో టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో తెలిసిపోతుంది. అక్కడ ఇంటెల్ హెచ్‌డీ 4000 లాంటి చిప్ అసలు కనిపించకపోతే పాడైందనుకోకండి. దాని డ్రైవర్ పాత తరహాది కావడంతో టాస్క్ మేనేజర్ చదవలేదు. జీపీయూ-జెడ్ అనే టూల్‌లో చూడండి.

మొదటి పది నిమిషాలు సాఫీగా ఉంటుంది. తర్వాత గేమ్ నత్తనడక నడుస్తుంది. ఎందుకు?

వేడి. ఇంకో సందేహం అక్కర్లేదు అనడానికి కూడా వెనకాడను. మొదట్లో బాగుండి తర్వాత పడిపోయేది డ్రైవర్ తప్పు అయ్యే అవకాశం చాలా తక్కువ.

జరిగేది ఇదీ. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ పక్కపక్కనే ఉంటాయి. రెండిటి మీదుగా ఒకే రాగి గొట్టం వెళ్లి ఫ్యాన్ దగ్గరున్న సన్నటి రేకుల దగ్గర ఆగుతుంది. ఫ్యాన్ గాలి ఆ రేకుల్లోంచి వెళ్లి వేడిని బయటికి తోసేస్తుంది. ఆ దారి మూసుకుపోతే ఉష్ణోగ్రత 95, 100 డిగ్రీల దాకా ఎక్కుతుంది. అప్పుడు ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. కాస్త చల్లబడగానే మళ్లీ వేగం, మళ్లీ వేడి. మీకు గేమ్‌లో కనిపించేది ఆ దోబూచులాటే.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత టూల్ వెనకాల తెరిచి పెట్టి పావుగంట ఆడండి. తర్వాత మాగ్జిమమ్ అనే వరుసలో ఉష్ణోగ్రత, మినిమమ్ వరుసలో ప్రాసెసర్ క్లాక్ (వేగం) చూడండి. ఉష్ణోగ్రత 95 దాటి, క్లాక్ సగానికి పడిపోయి ఉంటే రుజువు దొరికినట్టే.

నా పాత ల్యాప్‌టాప్ సంగతి చెప్తాను. రెండు నెలలు నేను డ్రైవర్లతోనే కుస్తీ పట్టాను. విండోస్ కూడా మళ్లీ వేశాను. ఒకరోజు విసుగొచ్చి కింది మూత తీస్తే ఫ్యాన్ బయటి నుంచి శుభ్రంగా ఉంది. ఫ్యాన్ మూత కూడా విప్పాను. ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య దుమ్ము పేరుకుని బూడిదరంగు దుప్పటి ముక్కలా తయారై ఉంది. వేళ్లతో పట్టి లాగితే చెక్కుచెదరకుండా ఒకే ముక్కగా వచ్చింది. అదే గేమ్, అవే సెట్టింగ్స్, 97 దగ్గర ఉండే ఉష్ణోగ్రత ఆ రాత్రి 80 దాటలేదు. బయట గ్రిల్‌లోంచి ఊదితే ఈ దుమ్ము పోదు, లోపలికి ఇంకా గట్టిగా కూరుకుపోతుంది.

మీరే శుభ్రం చేసేటట్టయితే ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా ఒక చిన్న పుల్లతో ఆపండి. విచ్చలవిడిగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు, స్టాటిక్ కరెంట్‌తో బోర్డు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఐదారేళ్లు దాటితే చిప్ మీద ఉండే థర్మల్ పేస్ట్ కూడా ఎండిపోయి పెచ్చులుగా లేస్తుంది. అది తుడిచి కొత్తది వేయాలి. చేతికి అలవాటు లేకపోతే ఈ పని మాత్రం తెలిసినవాళ్లకి ఇవ్వండి.

ఇంకో సంగతి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు, కింది మూత సరిగా కూర్చోనట్టు ఉంటే బ్యాటరీ ఉబ్బిందేమో అనుమానించండి. ఉబ్బితే గేమ్ సంగతి పక్కన పెట్టి వెంటనే వాడటం ఆపండి. గుచ్చకండి, నొక్కకండి.

మూత విప్పే ధైర్యం లేదు. వేడి తగ్గించే వేరే మార్గం?

ఉంది, పైగా ఉచితం. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99 శాతానికి తగ్గించండి. ఒక్క శాతంతో ఏమవుతుంది అనిపిస్తుంది. కానీ 99 దగ్గర చాలా ప్రాసెసర్లలో టర్బో వేగం (అవసరమైనప్పుడు మామూలు కంటే పైకి ఎక్కే వేగం) పూర్తిగా ఆగిపోతుంది. పుట్టే వేడి బాగా తగ్గుతుంది. గ్రాఫిక్స్ చిప్ ప్రాసెసర్‌లోనే కలిసి ఉన్న ల్యాప్‌టాప్‌లలో అలా మిగిలిన వెసులుబాటు గ్రాఫిక్స్‌కి దక్కి, కొన్ని గేమ్స్ ముందుకంటే నిలకడగా నడుస్తాయి కూడా.

ల్యాప్‌టాప్ వెనక భాగాన్ని రెండు సీసా మూతల ఎత్తు లేపినా ఫలితం కనిపిస్తుంది. పరుపు మీద పెట్టి ఆడే అలవాటు ఉంటే మాత్రం పైవేవీ పనిచేయవు.

మొదటి నిమిషం నుంచే స్లోగా ఉంది. వేడి లేదు.

చార్జర్ పెట్టారా? బ్యాటరీ మీద ఉన్నప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లు గ్రాఫిక్స్ వేగం కోసేస్తాయి. చార్జర్ పెట్టినా స్లోగానే ఉంటే అది ల్యాప్‌టాప్‌తో వచ్చిందా, తర్వాత మార్చిందా చూడండి. కొన్ని మోడల్స్ చార్జర్‌ని గుర్తుపట్టలేకపోతే ప్రాసెసర్‌ని 1 గిగాహెర్ట్జ్ లోపే కట్టేస్తాయి. ఆన్ అవుతున్నప్పుడు చార్జర్ గురించి ఏదైనా హెచ్చరిక వస్తోందేమో గమనించండి. దాన్ని ఎంటర్ కొట్టి దాటేయడం అందరికీ అలవాటే.

గ్రాఫిక్స్ మెమరీ పెంచుకోవచ్చా?

విడిగా ఎన్విడియా, ఏఎండీ చిప్ ఉంటే దాని మెమరీ బోర్డుకి అతికి ఉంటుంది, పెరగదు. ఇంటెల్ లాంటి ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. కొన్ని బయోస్‌లలో (విండోస్ తెరుచుకోకముందు వచ్చే సెట్టింగ్స్) డీవీఎంటీ అనే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని పెంచుకోవచ్చు. రిజిస్ట్రీలో డెడికేటెడ్ సెగ్మెంట్ సైజ్ అని ఒక విలువ రాస్తే 512 ఎంబీ వచ్చేస్తుందని ఒక చిట్కా తిరుగుతుంటుంది. అది గేమ్‌కి చూపించే అంకెను మారుస్తుంది, అంతే. మెమరీ తక్కువ అని మొండికేసే గేమ్ తెరుచుకోవడానికి పనికొస్తుంది తప్ప వేగం పెరగదు.

నిజంగా వేగం పెంచేది రెండో ర్యామ్ స్టిక్. చాలా పాత ల్యాప్‌టాప్‌లు ఒకే స్టిక్‌తో అమ్ముడుపోయాయి, రెండో స్లాట్ ఖాళీగానే ఉంటుంది. డీడీఆర్3-1600 ర్యామ్ ఒక స్టిక్ మీద సెకనుకి 12.8 జీబీ డేటా ఇవ్వగలదు. అలాంటిదే ఇంకొకటి పెడితే డ్యూయల్ చానెల్‌లో 25.6 జీబీ. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కి దాహమంతా ఆ డేటా మీదే కాబట్టి తేడా కంటికి కనిపిస్తుంది. పాత ల్యాప్‌టాప్ మీద ఒక్కసారే ఖర్చు పెడతాను అంటే నేను ఇదే చెప్తాను. కొనే ముందు వోల్టేజ్ చూసుకోండి: 1.5 వోల్టుల డీడీఆర్3 వేరు, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ వేరు. కొన్ని ల్యాప్‌టాప్‌లు రెండోదాన్నే తీసుకుంటాయి.

ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగమైన డిస్క్) వేస్తే ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే బొమ్మల సంఖ్య) పెరుగుతుందా?

పెరగదు. లోడింగ్ తగ్గుతుంది. కొత్త ఏరియాలోకి వెళ్లినప్పుడు గేమ్ క్షణం ఆగిపోయే జబ్బు చాలావరకు పోతుంది.

గేమ్ సెట్టింగ్స్‌లో దేన్ని ముందు తగ్గించాలి?

అన్నీ లో పెట్టేసి బొమ్మని పాడు చేసుకోకండి. ఒక వరుస ఉంది.

మొదట షాడోస్. తర్వాత యాంటీ అలియాసింగ్, ముఖ్యంగా ఎంఎస్ఏఏ అని ఉంటే. ఆ తర్వాత యాంబియంట్ ఆక్లూజన్, రిఫ్లెక్షన్స్. ఈ నాలుగూ తగ్గిస్తే బొమ్మలో పోయేది కొంచెం, వచ్చే వేగం ఎక్కువ. టెక్స్‌చర్ క్వాలిటీ సంగతి వేరు. అది మెమరీకి సంబంధించింది. మెమరీ సరిపోయినంతవరకు పెంచినా ఎఫ్‌పీఎస్ పెద్దగా తగ్గదు. సరిపోకపోతే ఒక్కసారిగా కుదుపులు మొదలవుతాయి. కాబట్టి తల తిప్పినప్పుడల్లా గేమ్ కుదుపు ఇస్తోందంటే టెక్స్‌చర్స్ ఒక మెట్టు దించి చూడండి.

అయినా చాలకపోతే రిజల్యూషన్. లెక్క చూడండి: 1920×1080లో పిక్సెల్స్ 20 లక్షల 73 వేల 600. 1280×720లో 9 లక్షల 21 వేల 600. అంటే చిప్ గీయాల్సింది సగానికంటే తక్కువకి పడిపోతుంది. 1366×768 స్క్రీన్ ఉన్నవాళ్లకి మాత్రం 720కి దించితే లాభం తక్కువ, మసక ఎక్కువ. గేమ్‌లో రెండర్ స్కేల్ అనే ఆప్షన్ ఉంటే దాన్ని 80 శాతానికి తగ్గించండి. అక్షరాలు, మెనూలు స్పష్టంగానే ఉంటాయి, ఆట బొమ్మ మాత్రమే కొంచెం మెత్తబడుతుంది.

చివరగా, ఎఫ్‌పీఎస్‌ని 30కి కట్టేయడానికి సిగ్గుపడకండి. 60 నుంచి 25కి, 25 నుంచి 50కి ఎగిరిపడే గేమ్ కంటే 30 దగ్గర కదలకుండా ఉండే గేమ్ కంటికి హాయిగా ఉంటుంది. చిప్ కూడా చల్లగా ఉంటుంది.

సౌండ్ వస్తోంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది.

గేమ్ నడుస్తోంది, మీ స్క్రీన్‌కి చేతకాని రిజల్యూషన్‌లోనో, ఫుల్‌స్క్రీన్ మోడ్‌లోనో ఇరుక్కుంది. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే చాలా గేమ్స్ విండోలోకి మారతాయి. అది పనిచేయకపోతే విండోస్ 10లో విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. చిన్న బీప్ వినబడి గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది. అదీ కాకపోతే గేమ్ సెట్టింగ్స్ ఫైల్ వెతకండి. ఎక్కువగా డాక్యుమెంట్స్‌లోనో, యాప్‌డేటా ఫోల్డర్‌లోనో ఉంటుంది. దాన్ని తుడిచేయకుండా పేరు మార్చండి. గేమ్ మళ్లీ ఓపెన్ చేసినప్పుడు కొత్తది తనే తయారు చేసుకుంటుంది.

బొమ్మ మధ్యలో అడ్డంగా కోసినట్టు కనిపిస్తోంది.

కెమెరా తిప్పినప్పుడే కనిపిస్తే అది టేరింగ్, జబ్బు కాదు. స్క్రీన్ ఒక బొమ్మ చూపిస్తుండగానే చిప్ ఇంకో బొమ్మ పంపేస్తోంది. వీసింక్ (స్క్రీన్ సిద్ధమయ్యేదాకా తర్వాతి బొమ్మని ఆపే సెట్టింగ్) ఆన్ చేయండి. మౌస్ కొంచెం బరువెక్కినట్టు అనిపిస్తుంది. ఎఫ్‌పీఎస్ 60 అందుకోలేని గేమ్స్‌లో కొన్నిసార్లు నేరుగా 30కి పడిపోతుంది. అలాంటప్పుడు బోర్డర్‌లెస్ విండో మోడ్ ప్రయత్నించండి.

స్క్రీన్ మీద రంగురంగుల గళ్లు, చారలు, మెరుపులు వస్తున్నాయి. చిప్ పోయిందా?

ఇది భయపడాల్సిన ప్రశ్నే, కానీ తేల్చుకోవడం సులువు. గళ్లు కనబడుతున్నప్పుడే ఒక స్క్రీన్‌షాట్ తీయండి. దాన్ని ఫోన్‌కి పంపుకుని ఫోన్‌లో చూడండి. ఫోన్‌లో బొమ్మ శుభ్రంగా ఉంటే చిప్ గీసిన బొమ్మ బాగానే ఉంది, దారిలో పాడవుతోంది. అంటే స్క్రీన్ కేబుల్ లేదా స్క్రీన్. మూత ముందుకీ వెనక్కీ కదిపితే చారలు మారుతున్నాయా? అయితే కేబులే. ఫోన్‌లో కూడా గళ్లు ఉంటే బొమ్మ పుట్టుకలోనే లోపం ఉంది. ఇంకో మానిటర్ పెట్టి కూడా సరిచూసుకోవచ్చు.

పుట్టుకలో లోపం అంటే కూడా వెంటనే చిప్ అనేయకండి. ఒక్క గేమ్‌లోనే వస్తే ఆ గేమ్ ఫైల్స్ లేదా డ్రైవర్ తప్పు. స్టీమ్‌లో అయితే వెరిఫై ఇంటెగ్రిటీ ఆఫ్ గేమ్ ఫైల్స్ నడపండి. అన్ని గేమ్స్‌లోనూ, వేడెక్కాకే వస్తే ముందు దుమ్ము, పేస్ట్ సంగతి చూడండి. విండోస్ ఇంకా తెరుచుకోకముందే, కంపెనీ లోగో కనిపించే దశలోనే గళ్లు ఉంటే మాత్రం హార్డ్‌వేరే. అక్కడ డ్రైవర్ ప్రమేయమే లేదు.

అలాంటి బోర్డుని ఓవెన్‌లో పెట్టి కాల్చితే బాగవుతుందని చూసి ఉంటారు. కొన్నిసార్లు కొన్ని రోజులు పనిచేస్తుంది, నిజమే. ఆ తర్వాత మళ్లీ పోతుంది, ఈలోగా ఓవెన్‌లో ప్లాస్టిక్, రసాయనాల పొగ మిగులుతుంది. వంట చేసుకునే దాంట్లో ఆ పని చేయకండి.

"డిస్‌ప్లే డ్రైవర్ స్టాప్డ్ రెస్పాండింగ్ అండ్ హాజ్ రికవర్డ్" అంటే?

గ్రాఫిక్స్ చిప్ 2 సెకన్లలోగా జవాబు చెప్పకపోతే విండోస్ దాన్ని బలవంతంగా రీసెట్ చేస్తుంది. ఆ మెసేజ్ అదే. ఎప్పుడో ఒకసారి వస్తే వదిలేయండి. పదే పదే వస్తే, ఓవర్‌క్లాక్ (చిప్‌ని కంపెనీ పెట్టిన దానికంటే ఎక్కువ వేగంతో నడపడం) చేసి ఉంటే తీసేయండి, తర్వాత వేడి, ఆపై డ్రైవర్ చూడండి. రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే విలువ పెంచమని సలహా ఇస్తారు. దాంతో చిప్‌కి ఎక్కువ గడువు దొరుకుతుంది కానీ ఉరుకులాడలేని చిప్ ఉరుకులాడదు. స్క్రీన్ 2 సెకన్ల బదులు 8 సెకన్లు బిగుసుకుపోతుంది.

పాత గేమ్ విండోస్ 10లో తెరుచుకోవడం లేదు. డీ3డీఎక్స్9_43.డీఎల్ఎల్ లేదంటోంది.

ఆ ఒక్క ఫైల్‌ని ఏ సైట్ నుంచీ దించుకోకండి. వైరస్‌లు వచ్చేది అలాగే. మైక్రోసాఫ్ట్ 2010 జూన్ నాటి డైరెక్ట్‌ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్ ప్యాకేజీ వేస్తే అలాంటి ఫైల్స్ అన్నీ ఒకేసారి వస్తాయి. విండోస్‌లో డైరెక్ట్‌ఎక్స్ 12 ఉన్నా ఇది వేయాల్సిందే, ఒకదానికొకటి అడ్డురావు. ఎంఎస్‌వీసీపీతో మొదలయ్యే ఫైల్ లేదంటే అది విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్‌ది.

అంతకంటే పాత గేమ్స్ అయితే విండోస్ ఫీచర్స్‌లో లెగసీ కాంపోనెంట్స్ కింద డైరెక్ట్‌ప్లే ఆన్ చేయండి. రంగులు తారుమారైతేనో, మెనూలు కనబడకపోతేనో డీజీవూడూ 2 అనే ఉచిత టూల్ చాలా గేమ్స్‌ని బతికిస్తుంది. బొమ్మ సాగదీసినట్టు, మనుషులు లావుగా కనిపిస్తే ఇంటెల్ గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో స్కేలింగ్‌ని మెయింటైన్ యాస్పెక్ట్ రేషియోకి మార్చండి. పక్కల నల్లటి పట్టీలు వస్తాయి, అవి ఉండాల్సినవే.

మైన్‌క్రాఫ్ట్‌లో జీఎల్ఎఫ్‌డబ్ల్యూ ఎర్రర్ 65542 వస్తోంది.

మీ డ్రైవర్ ఓపెన్‌జీఎల్ (డైరెక్ట్‌ఎక్స్ లాంటిదే ఇంకోటి) ఇవ్వడం లేదని అర్థం. విండోస్ అప్‌డేట్ బేసిక్ డ్రైవర్ పెట్టేసినప్పుడు ఎక్కువగా వస్తుంది. సరైన డ్రైవర్ వేస్తే పోతుంది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ 1.17 నుంచి ఓపెన్‌జీఎల్ 3.2 కావాలి. మీ చిప్ అంతదాకా రాకపోతే లాంచర్‌లో 1.16.5 ఎంచుకుని ఆడుకోవచ్చు.

విండోస్ 7లోనే ఉండిపోనా? లైనక్స్‌కి వెళ్లనా?

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. స్టీమ్ కూడా 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8లకు మద్దతు ఆపేసింది. డిస్క్‌లో ఉన్న పాత గేమ్స్ మాత్రమే, అదీ ఇంటర్నెట్ లేకుండా ఆడేవాళ్లకి తప్ప 7 వద్దంటాను. విండోస్ 10 మామూలు మద్దతు కూడా 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

లైనక్స్‌లో ఇంటెల్ పాత చిప్‌లకు మేసా డ్రైవర్లు బాగుంటాయి, ఓపెన్‌జీఎల్ గేమ్స్ హాయిగా నడుస్తాయి. కానీ విండోస్ గేమ్స్‌ని లైనక్స్‌లో నడిపే ప్రోటాన్ ఎక్కువగా వల్కన్ (ఇదీ డైరెక్ట్‌ఎక్స్ లాంటిదే) మీద ఆధారపడుతుంది. హెచ్‌డీ 3000కి వల్కన్ లేదు, హెచ్‌డీ 4000 తరానికి ఉన్నది అరకొర. కాబట్టి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి మీ గేమ్ నడుస్తుందో లేదో చూసుకున్నాకే విండోస్ తీయండి.

ఇవన్నీ చేశాను. ఎవరినైనా సాయం అడగాలి. ఏం చెప్పాలి?

"గేమ్ లాగ్ అవుతోంది, హెల్ప్" అంటే ఎవరూ ఏం చెప్పలేరు. డీఎక్స్‌డయాగ్‌లో కింద సేవ్ ఆల్ ఇన్ఫర్మేషన్ బటన్ ఉంది. దాంతో ఒక టెక్స్ట్ ఫైల్ వస్తుంది. అది, గేమ్ పేరు, సెట్టింగ్స్, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పావుగంట తర్వాతి ఉష్ణోగ్రత, సమస్య మొదటి నిమిషంలోనే వస్తుందా తర్వాతా అన్న సంగతి, ఎర్రర్ వస్తే దాని ఫొటో. ఇవి ఇస్తే తెలిసినవాళ్లు రెండు మాటల్లో చెప్పేస్తారు. ఒక జాగ్రత్త: ఆ టెక్స్ట్ ఫైల్ మొదట్లోనే మెషీన్ నేమ్ అని మీ కంప్యూటర్ పేరు ఉంటుంది. చాలామంది కంప్యూటర్‌కి తమ పేరే పెట్టుకుంటారు. పంపే ముందు ఆ వరుస తీసేయండి.